కూత వినబడితే ఎసరు

మా అక్కది ద్రాక్షారామం, రైలు పట్టాలకు దగ్గర ఇల్లు. నాది అమలాపురం. బావగారు పోయి అక్క ఒంటరిది, పెళ్లి చేసుకోక నేను ఒంటరిదాన్ని. కోటిపల్లి నుంచి కాకినాడకి ఒంటిపెట్టె రైలుబస్సు నడిచిన రోజుల్లో ప్రతి ఆదివారం ముక్తేశ్వరం రేవుకి బస్సులో వెళ్లి, పంటు మీద గోదావరి దాటి, కోటిపల్లిలో రైలుబస్సు ఎక్కేదాన్ని. దాని కూత వినబడగానే అక్క పొయ్యి మీద ఎసరు పెట్టేది. నేను కాళ్లు కడుక్కునేసరికి అన్నం ఉడుకుతూ ఉండేది.

తరవాత ఆ బండి ఆగిపోయింది. మళ్లీ వేస్తారంటారు, అమలాపురం దాకా కొత్త లైనంటారు. విని విని విసుగొచ్చింది నాకు! కోటిపల్లిలో ఆటో నిండేదాకా ఎండలో పడిగాపులు పడలేక, నెలకోసారి వెళ్లడం మొదలుపెట్టాను. ఆ తరవాత పండక్కీ పబ్బానికీ. అక్క అడిగితే "రైలు లేదు కదక్కా" అనేదాన్ని. ఆ మాట నాకు భలే అలవాటైపోయింది.

మొన్న ఒక ఆదివారం పదింటికి అక్క ఫోను.

"ఎక్కడున్నావే? కూత వినబడి గంటయింది. అన్నం చల్లారిపోతోంది."

రైలు ఇంకా వెయ్యలేదు. ఏ పనిమీదో ఖాళీ ఇంజిను వెళ్లుంటుంది. ఆ సంగతి చెప్పడానికి నోరు రాలేదు. "దారిలో ఉన్నానక్కా" అనేసి, చీర మార్చుకుని పరుగు తీశాను. బస్సు, పంటు, ఆటో. చేరేసరికి ఒంటిగంట దాటింది. అక్క తినకుండా కూర్చుంది.

"ఇంతసేపు ఎక్కడ ఆపేసేరే రైలు? కూర్చోడానికి చోటు దొరికిందా?"

"దొరికిందక్కా, కిటికీ పక్కనే."

సిగ్గులేకుండా అలా అనేశాను. అక్క మొహం ఎంత వెలిగిపోయిందో! పప్పు వడ్డిస్తుండగా పక్కింటావిడ గుమ్మంలోకి వచ్చింది.

"ఏవండీ, రైలు మళ్లీ వేసేరంటగా?"

"ఆయ్, వేసేరండీ. మా చెల్లి అందులోనే వచ్చింది," అంది అక్క, ఎంతో గొప్పగా.

"హమ్మయ్య! అయితే రేపు కాకినాడ ఆసుపత్రికి అందులోనే పోతానండీ. ఈ మోకాళ్లతో బస్సు ఎక్కలేకపోతున్నాను."

ఇంక దాచడం నావల్ల కాలేదు. "లేదండీ, రైలు రాలేదు. నేను ఆటోలో వచ్చేను," అన్నాను.

ఆవిడ ఉసూరుమంటూ వెళ్లిపోయింది. అక్క గరిటె గిన్నెలో పెట్టేసింది.

"అయితే రైలు లేకపోయినా రావచ్చన్నమాట," అంది.