ఓబుళేసు మామ సున్నపు గీతలు

ఓబుళేసు మామ నోటికి జడిసి కొంతమంది తోట వేయించుకోవడమే మానుకున్నారు. వేయించుకున్నవాళ్లు మాత్రం ఆయన్ని తిట్టుకుంటూనే మళ్లీ పిలుస్తారు. బత్తలపల్లె రోడ్డు పక్కన ఆయన నర్సరీ. తొమ్మిదో తరగతిలో బడి మానేసినప్పటి నుంచి నేను అక్కడే సంచుల్లో మట్టి నింపుతున్నాను. ఈ పనిలో ఒక సుఖం ఉంది. తల ఎత్తి ఎవరితోనూ మాట్లాడక్కర్లేదు. వినేవి మాత్రం అన్నీ వినిపిస్తాయి.

మామ కొత్త స్థలానికి పోతే ముందు పార తీయడు. బిందెడు నీళ్లు అడుగుతాడు. వాటిని మిట్టన కుమ్మరించి, తప్పిపోయిన కోడిపిల్లను వెతికేవాడిలా వంగి వాటి వెంట నడుస్తాడు. అవి ఎటు పోతే అటు చెట్టు. "గేటు పక్కన పెట్టు, అందంగా ఉంటాది" అని ఇంటాయన అంటే, "వాన నీ మాట ఇంటాదా? నా మాటే ఇనదు" అంటాడు. మా వైపు నాలుగు మంచి వానలు పడితే అది మంచి ఏడాది. ఆ నాలుగింటినీ చెట్టు కిందికి తోలుకురావడమే ఆయన విద్య.

అయితే ముప్పై ఏళ్లలో ఆయన వేసినవన్నీ పెట్రోలు బంకుల ముందు, కల్యాణ మండపాల ముందు. యజమాని మారినా, రోడ్డు వెడల్పు చేసినా మొదట పోయేది మామ చెట్టే. అందుకే ఊరి బయట కొత్త జూనియర్ కాలేజీ కట్టిన రాఘవేంద్ర సారు రెండెకరాల బీడు చూపించి, "పిల్లోళ్లు కూర్చునేదానికి నీడ కావాలన్నా" అన్న రోజు మామ సాయంత్రం దాకా ఎవర్నీ తిట్టలేదు. ఆయన భార్య బయమ్మత్త భయపడి ఆయన నుదుటి మీద చెయ్యి పెట్టి చూసింది.

వారం తిరక్కుండానే రాఘవేంద్ర సారు నర్సరీకి వచ్చాడు.

"ఓబుళేసన్నా, చిక్కొచ్చి పడింది. మా ట్రస్టోళ్లు తోటకు గూడా ప్లాను అడుగుతాండారు. లైసెన్సుండే ఆర్కిటెక్టు సంతకం, ముద్ర ఉండాలంట. లేకుంటే పని వేరేవాళ్లకు పోతాది."

"నీడకు లైసెన్సేందప్పా?"

"నాకేం తెల్సు. యాడన్నా ఇస్తారేమో పోయి తెచ్చుకో."

మామ పెళ్లిళ్లకు వేసుకునే తెల్లచొక్కా తొడుక్కుని అనంతపురం పోయాడు. ఏ ఆఫీసో తెలీక, కనబడిన ప్రతి కిటికీ దగ్గరా "తోటల లైసెన్సు యాడిస్తారు సామీ?" అని అడిగాడట. ఒకాయన విత్తనాల అంగడికా అన్నాడు. ఇంకొకాయన ఏ బండి నడుపుతావని అడిగాడు. చివరికి ఒక ముసలి గుమాస్తా జాలిపడి కూర్చోబెట్టి సంగతి చెప్పాడు. అది ఆఫీసులో ఇచ్చే కాగితం కాదు, చదువు. ఐదేళ్లు భవనాల చదువు, ఆపైన తోటల చదువు ఇంకో రెండేళ్లు.

మామ ఇంటికొచ్చి వేళ్ల మీద లెక్కపెట్టుకున్నాడు. ఆయన చదివింది నాలుగో తరగతి.

"ఐదు నుంచి ఇంటర్ దాకా ఎనిమిదేండ్లు. ఆమీద ఏడు. ఇప్పుడు యాభై ఎనిమిది. డెబ్బై మూడుకు చేతికొస్తాది లేవే."

"నాగ్గూడా యూనిఫాం కుట్టించు," అంది బయమ్మత్త. "తోడొస్తా. నువ్వు ఒక్కనివే పోతే బళ్లో పాఠం చెప్పే ఐవారిని తిడతావు."

గుమాస్తా ఇచ్చిన నంబరు ఒకటి ఉంది, హరినాథ్ అనే ఆర్కిటెక్టుది. ఫోన్లో ఆయన మర్యాదగానే మాట్లాడాడు. కానీ చూడని స్థలానికి సంతకం పెట్టనన్నాడు. శనివారం పదింటికి వస్తాను, మీరు అనుకున్నది గీసి ఉంచండి అన్నాడు.

నా నోటు పుస్తకం ఇస్తే మామ పొద్దంతా తంటాలు పడి ఒక బొమ్మ గీశాడు. బయమ్మత్త దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "ఉడకబెట్టిన శెనక్కాయ మాదిరి ఉండాదే" అంది. మామ కాగితం చించేశాడు. "నేల కోసం కాగితమెందుకు? నేల మీదనే గీస్తా."

శనివారం ఏడింటికే ఇద్దరం బీడులో ఉన్నాం. నేను తాడు పట్టుకుంటే ఆయన తాడు వెంబడి సున్నం పోశాడు. నడిచే దారులు, చెట్లకు గుండ్రాలు, పల్లంలో వాన నీళ్లు ఇంకే గుంత. ఎర్రమట్టి మీద తెల్లగా బలే కనబడ్డాయి. కనబడటమే తప్పయింది.

మా వైపు రోడ్డు పక్క బీడులో సున్నపు గీత పడిందంటే అర్థం ఒక్కటే, ప్లాట్లు. తొమ్మిదింటికి పది బైకులు లోపలికొచ్చాయి.

"సెంటు ఎంతప్పా?"

"ఇది ప్లాట్లు కాదప్పా, తోట!"

"అట్లనే అంటారు, రేటు పెంచేదానికి."

బయ్యన్న అనే పెద్దమనిషి ఒక గుండ్రంలో నిలబడి దిక్కులు చూసుకుంటున్నాడు. "నాకు ఈ మూలది రాసుకో. ఈశాన్యం."

"ఓయ్! నువ్వు నిలబడిండేది కానుగచెట్టులో!" మామ అరుస్తుండగా హరినాథ్ గారి కారు వచ్చి ఆగింది.

ఆయన అంతా తిరిగి చూసి ఒక్కటే అడిగాడు. "గుంత అంత లోపల ఎందుకు? నీళ్లు అక్కడికే పోతాయని ఏంటి నమ్మకం?"

మామ నా వైపు చూశాడు. నేను బిందె తెచ్చాను. గేటు దగ్గర కుమ్మరించాడు. ప్లాట్లకొచ్చిన వాళ్లంతా నీళ్ల వెంట నడిచారు. నీళ్లు కొంతదూరం బాగా పోయి, గుంతకు పది అడుగుల ముందు పక్కకు తిరిగాయి. మామ మొహం సున్నమంత తెల్లగా అయింది. ఇంకో బిందె పోశాం. అదీ అటే పోయింది.

ఎందుకో నాకు కనబడింది. మామ చొక్కా కొస పట్టి లాగి, వేలు చూపించాను. బైకు చక్రం జాడ. నీళ్లు ఆ చాలులో పడి పోతున్నాయి.

"ఈ బండి ఎవురిదప్పా?" మామ గొంతు తిరిగొచ్చింది.

బయ్యన్నది. ఆయనే వంగి రెండు చేతులతో మట్టి తోసి చాలు పూడ్చాడు. మూడో బిందె నేరుగా గుంతలోకి దిగింది.

హరినాథ్ గారు టేపు తీశాడు. మధ్యాహ్నం దాకా కొలిచి కాగితం మీద రాసుకుని, చివర్లో అన్నాడు. "ఈ రావిచెట్టు గుండ్రం కాలేజీ గోడకు ఆరడుగులే ఉంది. వేళ్లు పునాదిలోకి పోతాయి. ఇంకా లోపలికి జరపాలి."

అందరూ మామ వైపు చూశారు, ఇక తిట్టు పడుతుందని. మామ కాసేపు గోడను చూశాడు, చెట్టు గుండ్రాన్ని చూశాడు. తర్వాత కాలితో ఆ గుండ్రం చెరిపేసి, ఇరవై అడుగులు లోపల కొత్తది పోశాడు. ఇంటికొచ్చాక బయమ్మత్తతో మాత్రం, "ఆ చదువులో ఏదో ఉండాదిలే" అన్నాడు.

ప్లాను మీద సంతకం, ముద్ర హరినాథ్ గారివే. పని మామకే వచ్చింది.

ఇప్పుడు మొక్కలు నా నడుము దాకా వచ్చాయి. బయ్యన్న వారానికోసారి వస్తాడు. ఈశాన్యం మూల కానుగకు సీసాతో నీళ్లు పోసి, చుట్టూ ఒకసారి తిరిగి అడుగుతాడు.

"నా ప్లాటు రిజిస్ట్రేషను ఎప్పుడు ఓబుళేసూ?"

"నా లైసెన్సు రానీ," అంటాడు మామ. "డెబ్బై మూడుకు."