రెండుసార్లు గీరిన కన్ను

ఫ్రెంచి వాళ్లు యానాం వదిలి వెళ్లిన మరుసటేడు, మెట్టకూరు కళ్లంలో ధాన్యం ఎగరబోస్తుండగా నా కుడి కంట్లో నూగు పడింది. నాలుగో రోజుకి నల్లగుడ్డు మీద తెల్లటి మచ్చ లేచింది. నేను బడిపంతులమ్మని. కన్ను పోతే ఉద్యోగం కూడా పోతుందన్న దిగులుతో కాలు ఒకచోట నిలిచేది కాదు.

మా అత్తగారు నన్ను కాకినాడ తీసుకెళ్లింది. కంటి డాక్టరు చూసి, పుండు అన్నారు. రెప్పల మీది పుసి పరీక్షకి పనికిరాదట. పుండు అంచునే గీరి, ఆ కాస్తా గాజు పలక మీద పూసి, రంగు వేసి చూస్తేగాని ఏ క్రిమో తెలియదట, మందూ తేలదట.

"రేపు గీరతాను. అప్పటిదాకా కంట్లో ఏమీ వెయ్యకండి" అన్నారు.

చుట్టాలింట్లో దిగాం. తెల్లవారుతూనే, నేను నిద్రపోతున్నాననుకుని అత్తగారు తడిగుడ్డతో నా పుసి తుడిచింది. పుసి కన్నుతో డాక్టరు ముందు కూర్చోవడం ఆవిడకి తల దువ్వుకోకుండా పెళ్లికి వెళ్లినట్టే. ఆ తర్వాత, ఆ ఇంటి పిల్లకి కళ్లకలకకి తెచ్చిన పెన్సిలిన్ మందు ట్యూబులో మిగిలి ఉంటే, రెప్ప కింద రాసింది. నేను మెలకువగానే ఉన్నాను. వద్దనాలని తెలుసు. కానీ చల్లగా, హాయిగా ఉంది. అనలేదు.

డాక్టరు మొద్దుబార్చే చుక్కలు వేస్తూ, "ఏమీ వెయ్యలేదు కదా?" అని అడిగారు. లేదన్నాను. వేశామంటే మళ్లీ రమ్మంటారని భయం. ఆయన మంట మీద కాల్చి చల్లార్చిన సన్నటి కత్తితో గీరారు. నొప్పి తెలియలేదు, కత్తి మీదికి రావడం మాత్రం కనిపించింది.

తర్వాత రెండు రోజులూ చుట్టాలింటి వరండాలో పచార్లు చేస్తూనే ఉన్నాను. గంటకోసారి అద్దం తీసి, మచ్చ ఎంత పెరిగిందో చూసుకునేదాన్ని.

మూడో రోజు డాక్టరు కోపంగా ఉన్నారు. పలక మీద ఏమీ కనపడలేదు, క్రిములు పెరుగుతాయేమోనని వేరే గాజు గిన్నెలో వేసి ఉంచినదాంట్లో కూడా ఏమీ పెరగలేదు. "నిజం చెప్పండి, ఏం వేశారు?"

వెనక నుంచి అత్తగారు అంది: "ఆయ్, కాస్త తుడిచి పెన్సిలిన్ రాశానండి. ఏమీ వెయ్యొద్దంటే చెట్టు మందులనుకున్నానండి. ఇది ఇంగ్లీషు మందే కదండీ! పిల్ల నిద్దరోతోందండి, దానికేం తెలీదు."

డాక్టరు ఆవిడని నలుగురి ముందూ కడిగేశారు. పైనున్న క్రిములు చచ్చాయి, లోపలివి కన్నుని తింటూనే ఉన్నాయి అన్నారు. మరో రోజు కంట్లో ఏమీ వెయ్యకుండా ఉంచి, మళ్లీ గీరారు. ఈసారి దొరికాయి. తగిన మందు పడింది, పుండు మానింది. ఉద్యోగం నిలిచింది. ఆ కంట్లో మాత్రం తెల్లటి పువ్వు మిగిలిపోయింది. ఇప్పటికీ దానితో చూస్తే మనుషులు మసగ్గా ఆకారాలుగానే కనిపిస్తారు.

అత్తగారు బతికినన్నాళ్లూ, ఇంటికెవరొచ్చినా, "దాని కన్ను నా చేత్తోనే పాడుచేశానండి" అని కళ్లొత్తుకునేది. నేను పక్కనే నిలబడి కాఫీ అందించేదాన్ని. ఆ పొద్దున్న నాకు మెలకువ ఉందని ఆవిడకి ఒక్కసారైనా చెప్పలేదు.