ముందు సీటు

ఆంధ్ర రాష్ట్రం వచ్చిన కొత్తలో నంద్యాల శివార్లలో మా మిలిటరీ లారీల క్యాంపు ఉండేది. నేను డ్రైవరుని. మాలో ఒక కట్టుబాటు ఉండేది. బ్రేకులు బాగుచేసిన ఫిట్టరు, ఆ లారీ మళ్లీ రోడ్డెక్కిన రోజు డ్రైవరు పక్కన ముందు సీట్లో కూర్చోవాలి. కొండల్లో ఘాటు రోడ్డు దిగొచ్చాకే వాడికి టీ. తన ప్రాణమూ అందులోనే ఉందని తెలిసినవాడు నట్టు వదులుగా వదలడు.

తర్వాత ఫిట్టర్లను పంపేసి, రిపేర్లన్నీ ఊళ్లో నూనె మిల్లున్న ఒక కాంట్రాక్టరుకు అప్పగించారు. ఆ ముఖం తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. లారీలు కొత్త రంగు పూసుకుని వచ్చేవి. పైన పటారం, లోన లొటారం. ఒకరోజు బ్రేకు తొక్కితే పెడల్ నేలకంటింది. విప్పి చూస్తే, బ్రేకు నూనె పోయాల్సిన చోట వాడి మనుషులు మిల్లు ఇంజిన్ నూనె పోశారు. లోపలి రబ్బర్లు ఉబ్బిపోయాయి.

"నూనె నూనే గదప్పా! మా మిల్లంతా దీంతోనే నడుస్తాండాది," అన్నాడు కాంట్రాక్టరు. మళ్లీ తీసుకుపోయి, మార్చామని చెప్పి తెచ్చాడు.

"అయితే రా, ముందు సీట్లో కూర్చో. గిద్దలూరు ఘాటు దిగొద్దాం," అన్నాను.

"నేనెందుకు కూర్చుంటా? తోలేది నీ పని."

"నేను తోలను."

మా ఆఫీసరు వాడినే వెనకేసుకొచ్చాడు. నన్ను వంటపాకకు తోసి, నా గుడారంలోనే ఉండే ఆళ్లగడ్డ డ్రైవరుకు ఆ లారీ ఇచ్చాడు.

"పోవద్దురా," అన్నాను.

"పోనంటే ఉద్యోగం పీకేస్తారన్నా. పెండ్లాం నీళ్లోసుకునుండాది. నిదానంగా తోల్తాలే."

ఘాటు మలుపులో బ్రేకు పట్టలేదు. లారీ లోయలో పడింది. వాడు బతకలేదు.

శవాన్ని ఆళ్లగడ్డకు చేర్చాలి. మా లారీల్లో దేన్నీ నమ్మలేక నేనే అద్దె లారీ మాట్లాడాను. బయలుదేరేముందు కాంట్రాక్టరు పెద్ద పూలదండతో వచ్చాడు, కళ్లు తుడుచుకుంటూ. పోయినవాడి ఊళ్లో నలుగురికీ కనబడాలని ఆరాటం.

ఎక్కబోతూ ఆగి, "ఈ బండి యాడిదప్పా?" అని అడిగాడు.

"గోస్పాడు ఊరిది. బాడుగకు తెచ్చినాం," అన్నాను.

క్యాంపు బండి కాదని తేలాకే ఎక్కి, ముందు సీట్లో సర్దుకుని కూర్చున్నాడు.

చొక్కా పట్టుకుని కిందికి ఈడ్చాను. దండ దుమ్ములో పడింది. ఆఫీసరు అరుస్తూనే ఉన్నాడు. ఆళ్లగడ్డ దాకా లారీ నేనే తోలాను, పక్క సీట్లో ఎవరినీ కూర్చోనివ్వలేదు.