రెక్క కింద వినిపించిన గొంతు

ఈ సంగతి విచారణలో ఆఫీసర్లకు ఒక రకంగా చెప్పాను. ఇంట్లో ఇంకో రకంగా చెప్పాను. ఇప్పుడు మీకు చెప్పేది ఆ రెండూ కాదు. జరిగింది జరిగినట్టు చెబుతున్నాను. నమ్మకపోతే నమ్మకండి... కానీ మధ్యలో మాత్రం నవ్వొద్దు. నవ్వితే నేను లేచి వెళ్లిపోతాను.

మాది గట్టు మండలం. వానొస్తే ఆముదాలు, కందులు. రాకపోతే బీడు. ఇంటర్ అయ్యాక నేవీలో చేరాను. రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో నన్ను విమానాలు దిగే ఓడ మీద వేశారు. ఓడ పేరు అడగొద్దు. చెప్పను.

నా పని ఆయుధాల దగ్గర. విమానం ఎగిరే ముందు రెక్కల కింద బాంబులు తగిలించాలి. ఆఖరున పిన్నులు తీసెయ్యాలి. పిన్ను అంటే వేలంత ఇనుప చీల. దానికి ఎర్ర గుడ్డ తోక ఉంటుంది. అది లోపల ఉన్నంతసేపు బాంబును పట్టుకున్న కొక్కెం తెరుచుకోదు. విమానం బాంబులు వేయకుండా తిరిగొస్తే, దిగీ దిగగానే మేం రెక్క కిందకి దూరి ఆ పిన్నులు మళ్లీ గుచ్చాలి. చెప్పడానికి ఇంతే.

ఓడ మీద వందల మంది. హిందీ, మలయాళం, పంజాబీ... మన పాలమూరు మాట మాట్లాడేది మాత్రం ఒక్కడే. ఖాజన్న. ఆయనది రాజోలి. నాకన్నా చాలా సీనియర్. అందరూ నన్ను ఇంటిపేరుతో పిలిచేవాళ్లు. ఆయనొక్కడే 'నర్సిమ్మా' అనేవాడు. ఇద్దరం ఒకే పళ్లెంలో తిన్నాం. సెలవు మీద ఆయన వెళ్లొస్తే నాకు పల్లీల పొడి, నేను వెళ్లొస్తే ఆయనకు సజ్జ రొట్టెలు.

ఆ రోజు విపరీతమైన ఎండ. పొద్దు గూకినా ఇనుము చల్లారలేదు. రెండు బాంబులతో వెళ్లిన విమానం వెనక్కి వస్తోందని కబురొచ్చింది. వేయాల్సిన చోట మబ్బు కమ్మిందట. ఒక్కటీ వేయలేదు.

ఇక్కడ మీకొక సంగతి చెప్పాలి. మా విమానాలు పరుగెత్తి ఆగేవి కావు. ఓడ పక్కన గాలిలో నిలబడి, మెల్లగా లోపలికి జరిగి, నిట్టనిలువుగా దిగేవి. గాలి వేడిగా ఉంటే ఇంజన్‌కు బలం తగ్గుతుంది. బరువుతో నిలబడలేదు. అందుకే మిగిలిన బాంబుల్ని సముద్రంలో వదిలేసి రమ్మంటారు. ఆ పైలట్‌కూ అదే చెప్పారు. ఎడమ రెక్కది పడిపోయింది. కుడి రెక్కది పడలేదు. మీట నొక్కాడు... మళ్లీ నొక్కాడు... పడలేదు.

అంటే ఏమిటి? కొక్కేనికి 'వదులు' అని చెప్పడం అయిపోయింది. అది వినలేదు. ఇక ఎప్పుడు వింటుందో ఎవరికీ తెలియదు.

ఇంధనం పారబోసి, బరువు తగ్గించుకుని, ఆ బాంబుతోనే వచ్చాడు. డెక్ మీద అందరినీ తప్పించారు. మిగిలింది ముగ్గురం. ముందు నిలబడి టార్చీలతో సైగ చేసే మా చీఫ్. పిన్ను పెట్టే నేను. బాంబు కింద ఆనించే ట్రాలీతో ఖాజన్న. నేను ముందు పోవాలి. నా వెనకే ఆయన ట్రాలీ తోసుకుంటూ రావాలి. అదీ వరుస.

విమానం దిగింది. ఒక పక్కకు ఒరిగి... సర్దుకుని... కూర్చుంది. బాంబు కుదుటపడేదాకా ఇంజన్ ఆపొద్దన్నారు. ఆ మోత మీకు చెప్పలేను. చెవుల మీద పెద్ద దొప్పలు ఉంటాయి. అయినా మోత పళ్లలోంచి లోపలికి వస్తుంది. పక్కవాడు నోరు చెవి దగ్గర పెట్టి అరిచినా వినపడదు. అందుకే మాకు అన్నీ సైగలే.

చీఫ్ పచ్చ టార్చి ఊపాడు. వంగి, రెక్క కిందకి వెళ్లాను.

వేడి. కాలిన నూనె వాసన. నా టార్చి వెలుగులో బాంబు కనిపించింది. నాలుగైదు వడ్ల బస్తాల బరువు. ఒంటినిండా తేమ పట్టి, చెమట పోసినట్టు ఉంది. కింద పడితే పేలకూడదు. పేలదనే మాకు నేర్పారు. కానీ నేర్పినవాళ్లు దాని కింద కూర్చోలేదు.

ఒక మోకాలు ఆనించాను. సరిగ్గా బాంబు కింద నా తొడ, నా పొట్ట. చెయ్యి పైకెత్తాను. పిన్ను రంధ్రం వేలికి తగిలింది. ఇనుము సన్నగా వణుకుతోంది. ఇంజన్ వణుకు కాదది. అది నాకు తెలుసు. ఇది వేరే... లోపల ఏదో కొంచెం కొంచెంగా జారుతున్నట్టు.

పిన్ను మొన రంధ్రంలో పెట్టాను.

అప్పుడు...

మోత ఆగిపోయింది. ఇంజన్ ఆగలేదు. ఎదురుగా వేడిగాలికి చీఫ్ చొక్కా కొట్టుకుంటూనే ఉంది. నా చెవులకు మాత్రం మోత లేదు. బావిలో మునిగినట్టు. ఆ నిశ్శబ్దంలో... కుడి చెవి దగ్గర... దొప్పకు లోపలి వైపు...

"నర్సిమ్మా. జర ఆగు. చెయ్యి దీయ్."

అరుపు కాదు. తొందర లేదు. అన్నం ముందు కూర్చుని, కూర కొంచెం వేడిగుంది ఆగు, అన్నట్టుగా. ఖాజన్న గొంతు.

నా చెయ్యి దానంతట అదే వెనక్కి వచ్చింది. మడమల మీద వెనక్కి కూలబడ్డాను.

కొక్కెం తెరుచుకుంది. చూశాను. నోరు తెరిచినట్టు తెరుచుకుంది. బాంబు నా మోకాలు ఉన్న చోటనే పడింది. డెక్ అదురు నా నడుము దాకా వచ్చింది. అది సగం దొర్లి, విమానం చక్రానికి తగిలి ఆగిపోయింది.

మోత మళ్లీ వచ్చి చెవుల్లో పడింది.

ఖాజన్న నా వెనకే ఉన్నాడనుకుని తిరిగి చూశాను. లేడు. డెక్ మధ్యలో, చాలా దూరంగా, ట్రాలీ పిడి పట్టుకుని నిలబడి ఉన్నాడు. బాంబును చూడటం లేదు. నన్ను చూస్తున్నాడు. వరుస ప్రకారం వచ్చి ఉంటే ట్రాలీతో పాటు ఆయన కూడా ఆ బాంబు కిందే ఉండాలి. ఎందుకు ఆగాడు?

రాత్రి మెస్సులో ఎదురెదురుగా కూర్చున్నాం. 

"అన్నా, నన్ను పిలిచినవా?" అన్నాను.

"లే. నేనేడ పిలిచిన. గా మోతల పిలిస్తె ఇనవడ్తదా?"

"మరి ట్రాలీ ఎందుకాపినవ్?"

"చక్రం వట్టింది. తిరగలే."

ఆ మాట నా మొహం చూసి చెప్పలేదు. నీళ్ల గ్లాసు చూసి చెప్పాడు. తర్వాత ఆయనే మెల్లగా అడిగాడు.

"నువ్వేమన్న అన్నవా నాతోని?"

"ఏమన్లే."

ఆయన గ్లాసు తీసుకుని లేచాడు.

మర్నాడు విచారణ. చెయ్యి ఎందుకు వెనక్కి తీశావని అడిగారు. గొంతు వినపడిందంటే పిచ్చాసుపత్రికి పంపుతారు. పడుతుందని ముందే తెలుసా అని కూడా అడగొచ్చు. కాలు జారిందన్నాను. ఖాజన్న చక్రం పట్టిందనే చెప్పాడు. కొక్కెంలో స్ప్రింగు అలసిపోయిందని తేల్చి, ముగించారు.

నాకు ముగియలేదు. ఆ సాయంత్రం ఎవరూ లేనప్పుడు ట్రాలీ దగ్గరికి వెళ్లాను. ఒక్క వేలితో తోశాను. నూనె మీద జారినట్టు పోయింది. చక్రం ఎక్కడా పట్టలేదు.

అప్పుడు గుర్తొచ్చింది... బాంబు పడిన రోజు పొద్దున ఆ కొక్కేన్ని విప్పి, తుడిచి, బిగించింది ఖాజన్నే.

అంతే. అనుమానం పురుగు లోపల దూరింది. ఏదో తప్పు బిగించాడు. ఆయనకు తెలుసు. పడుతుందని తెలిసే దూరంగా ఆగాడు. ఆఖరి నిమిషంలో మనసొప్పక నన్ను పిలిచాడు. కానీ ఎలా పిలిచాడు, నాకెలా వినపడింది? ఆ ఒక్క చోట నా లెక్కంతా విరిగిపోయేది. అయినా అనుమానం పోలేదు. విచిత్రమేమిటంటే ఆయన కూడా నన్ను అలాగే చూడటం మొదలుపెట్టాడు. నేను వస్తే మాట మార్చేవాడు. పళ్లేలు వేరయ్యాయి. ఇంకొన్నాళ్లకు ఆయన సర్వీసు అయిపోయింది. వెళ్లేటప్పుడు చేయి కలపలేదు.

కొన్నేళ్లు గడిచాయి. సెలవు మీద ఇంటికొచ్చాను. బోరు మోటరు కాలిపోయింది. ఆటోలో వేసుకుని గద్వాల తెచ్చాను. మోటర్లు చుట్టేవాళ్లలో ఒక మంచి పనివాడున్నాడని చెబితే అక్కడికి వెళ్లాను. రాగి తీగల మధ్య, కళ్లద్దాలు పెట్టుకుని... ఖాజన్న.

ఇద్దరం కాసేపు మోటరునే చూశాం.

"రేపు పొద్దుగాల ఇస్త," అన్నాడు. "గట్టు బస్సు పోయింది. ఇంటికి పోదాం పా."

వాళ్లు ఇప్పుడుండే ఇల్లు అక్కడికి దగ్గరే. వదినె జొన్నరొట్టె, పుంటికూర పెట్టింది. "మస్తు చెప్తుండె మీ గురించి. ఓడ మీద ఒక తమ్ముడున్నడని," అంది. ఆయన తల ఎత్తలేదు.

పక్కలు డాబా మీద వేశారు. కరెంటు పోతే వదినె నా చేతికి టార్చి ఇచ్చింది. ఊరంతా నల్లగా. ఆయన పడుకోకుండా కూర్చున్నాడు.

"నర్సిమ్మా, ఒకటడుగుత. అబద్ధం చెప్పొద్దు. అది పడ్తదని నీకెట్ల తెలిసె?"

"నాకేడ తెల్సు? తెలిసింది నీకు."

"నాకా? నన్ను ఆపింది నువ్వు గదా."

నాకు అర్థం కాలేదు. ఆయనే చెప్పుకొచ్చాడు.

"ట్రాలీ దోస్కుంట వస్తున్న. మోత ఒక్కసారి బందయింది. నువ్వు నా చెవుల్నే అన్నవ్. 'ఖాజన్నా, ఆడ్నే ఉండు. రాకు.' గంతే. నా కాళ్లు ఇనుములెక్క అయినయ్. నువ్వేమో గంత దూరం, రెక్క కింద, నాకు ఈపు పెట్టి ఉన్నవ్."

ఆ రోజు నేను నోరు తెరవలేదు. ఒట్టు. ఆ రెక్క కింద నేను ఒక్క మాట అనలేదు. అదే చెప్పాను. నాకు వినపడింది కూడా చెప్పాను... ఎవరి గొంతో, ఏ మాటో. ఆయన నా చేతిలోంచి టార్చి తీసుకుని నా మొహం మీద వేశాడు. అబద్ధమేమోనని చూశాడు. నేనూ ఆయన్ను అలాగే చూశాను. 

"ఇన్నేండ్లు నేనేమనుకున్ననో తెల్సా," అన్నాడు. "పిన్ను సగం పెట్టి నువ్వే ఏదో కదిలిచ్చినవ్, పడ్తదని తెలిసి నన్ను రావొద్దన్నవ్ అనుకున్న."

నేను ఆయన గురించి ఏమనుకున్నానో కూడా చెప్పాను. ఆయన నవ్వలేదు. కోపం తెచ్చుకోలేదు. టార్చి ఆర్పేశాడు.

తర్వాత అన్నాడు. "గా మాట ఒకపారి అను. నేనింట."

"ఏ మాట?"

"నన్ను ఆపినవు గదా. గా మాట."

అన్నాను. చీకట్లో నా గొంతు నాకే కొత్తగా ఉంది. "ఖాజన్నా, ఆడ్నే ఉండు. రాకు."

ఆయన తల పక్కకు వంచి విన్నాడు. ఇంకోసారి అనమన్నాడు. అన్నాను.

"గొంతు నీదే," అన్నాడు. "కని... గిట్ల లేదు. గా మాట చెప్పినోనికి భయం లేదు."

ఇప్పుడు నా వంతని ఆయనకూ తెలుసు. నా వైపు జరిగాడు. కుడి వైపు. ఊపిరి తీసుకోవడం వినపడింది. "నర్సిమ్..." అన్నాడు.

"వద్దన్నా," అని ఆయన నోటికి చెయ్యి అడ్డం పెట్టాను.

ఎందుకు పెట్టానో నాకు తెలియదు. అచ్చం అదే గొంతయితే, పిలవలేదని ఆయన ఇన్నేళ్లుగా నాకు అబద్ధం చెబుతున్నట్టు. అది కాకపోతే... అది కాకపోతే ఆ రోజు రెక్క కింద నా పక్కన ఎవరున్నట్టు?

తెల్లారి మోటరు చుట్టి ఇచ్చాడు. డబ్బులు తీసుకోలేదు. ఇప్పుడు మేం బాగానే ఉన్నాం. పెళ్లిళ్లకు, పండగలకు పోతాం, వస్తాం. ఫోన్ చేస్తే గంటసేపు మాట్లాడుకుంటాం. కానీ ఆ రాత్రి నుంచి ఆయన నన్ను పేరు పెట్టి పిలవడు. 'తమ్మీ' అంటాడు. నేను పిలవమని అడగలేదు.