అప్పను సముద్రం తీసుకెళ్ళలేదు

విజయనగరం చేపల బజారులో ఐసు వ్యాన్ ఆగి, వెనక తలుపు సందులోంచి నీచునీళ్ళు రోడ్డు మీదికి కారుతుంటే అందరూ ముక్కు మూసుకుంటారు. నాకు మాత్రం ఒళ్ళు మండిపోతుంది. ఇరవై ఏళ్ళు దాటినా ఈ మంట చల్లారలేదు, చల్లారాలని నేను కోరుకోవడమూ లేదు.

భోగాపురం అవతల సముద్రం ఒడ్డున మా ఊరు. వేసవి వస్తే సరుగుడు తోట దాటి జీడితోటల్లో దూరి గొంతు గీరుకుపోయేదాకా జీడిపళ్ళు తినడం, పిక్కలు కాల్చి నల్లబడిన వేళ్ళతో ఇంటికొచ్చి తిట్లు తినడం, తెప్పలు ఒడ్డెక్కగానే వలల్లోంచి రాలిన నెత్తళ్ళు ఏరి, మామిడికాయ వేసి మామ్మ చేత పులుసు పెట్టించుకోవడం, ఇవన్నీ మా పెదనాన్న కూతురు నూకాలప్ప వెనక తిరుగుతూ నేర్చుకున్నాను. మా వైపు అక్కని అప్ప అంటాం. అప్పుడు నాకు తొమ్మిదేళ్ళు, అప్పకి పద్నాలుగు. పుట్టుచెవుడు కావడంతో మాట రాలేదు. చేతులతోనే ఊళ్ళో అందరినీ వెక్కిరించేది. నడుం మీద చెయ్యి పెట్టి మూతి తిప్పిందంటే అది మామ్మ.

ఒక పొద్దున్న అప్ప ఎప్పటిలాగే చెప్పులు అలల అంచున విడిచి, చేపల గంప, సరుకు కొనడానికొచ్చిన ఐసు వ్యాన్ దగ్గరికి మోసుకెళ్ళింది. ఆ వ్యాన్‌వాడు మా ఊరికి కొత్త. నేను తోటలోంచి చూస్తుండగానే అప్పను లోపలికి తోసి, తలుపు గడియ పెట్టి వెళ్ళిపోయాడు. పరుగున వెళ్ళి మామ్మ మీద పడ్డాను.

"మామ్మా, అప్పని వేనోడు ఎత్తుకుపోనాడే!"

"ఏటి కూస్తన్నావే? సెవిటిదాన్ని ఎవుడెత్తుకుపోతాడు? సెప్పులు ఒడ్డునే ఉన్నాయి, సూడు. గంగమ్మే పట్టుకుపోనాది."

మా ఊళ్ళో ఒక కట్టు ఉండేది. సముద్రం మనిషిని తీసుకెళ్తే మూడు రోజులు తెప్ప దిగదు, పొయ్యి వెలగదు, ఎవరూ ఊరు దాటరు. అందరూ నీళ్ళ వైపు తిరిగి కాచుకోవాలి. ఆ మూడు రోజులూ ఊరంతా, మా పెదనాన్నతో సహా, రోడ్డుకు వీపు పెట్టి కూర్చుంది. పోలీసుల దగ్గరికి పోదామన్నవాడు ఒక్కడూ లేడు. మాట్లాడే పిల్లయితే పోయేవారేమో. నాలుగో రోజు తలస్నానాలు చేసి, అప్ప పేరున పసుపు కుంకుమలు నీళ్ళలో వదిలేశారు.

ఆ వేళకి అప్ప కొత్తవలసలో, రైలు పట్టాల పక్కన ఒక గదిలో ఉంది. ఎవరికో అప్పగించడానికి వ్యాన్‌వాడు అక్కడ దాచాడు. కిటికీ చెక్క ఊడదీయాలి. తను చేసే చప్పుడెంతో తనకే తెలియదు, బయట వాడున్నాడు. అందుకని నేలకు అరచెయ్యి ఆనించి కూర్చుంది. గూడ్సు వస్తే నేల చాలాసేపు అదురుతుంది. అదిరినంతసేపూ కాలి కడియంతో మేకులు పెకలించేది, అదురు ఆగగానే చెయ్యి ఆపేసేది. ఐదు రోజులు పట్టింది. కిటికీలోంచి దూకి, బజార్లో ఖాళీ గంపలతో ఆటో ఎక్కుతున్న మా వైపు ఆడవాళ్ళ కొంగు పట్టుకుంది.

అప్ప ఊళ్ళో దిగగానే, గంగమ్మ తిరిగిచ్చిందని అమ్మోరికి కోడిని కోశారు. వ్యాన్‌వాడి మీద పోలీసులకి ఒక్క కాగితం రాయలేదు.

"పిల్ల పేరు బజార్న పడతాది, ఊరుకోండర్రా" అన్నాడు పెదనాన్న. ఆ వ్యాన్‌వాడు ఎక్కడో సుఖంగా బతికే ఉంటాడు.

ఇప్పుడు ఆ సరుగుడు తోట లేదు, రోడ్డు పడింది. తెప్పల చోట ఫైబర్ బోట్లు వచ్చాయి. మూడు రోజుల కట్టు కుర్రాళ్ళకి తెలియనే తెలియదు. మామ్మ పోయింది, పెదనాన్న పోయాడు. నేను నిలబెట్టి అడగాల్సినవాళ్ళు ఒక్కొక్కరే తప్పించుకున్నారు. అప్ప మాత్రం ఉంది, కుట్టుమిషన్ తొక్కుకుంటూ. మొన్న వెళ్తే, ఇన్నేళ్ళలో మొదటిసారి చేతులతో అడిగింది: ఆ రోజు వ్యాన్ వెనక ఎవరైనా వచ్చారా?

అబద్ధం చెప్పడానికి నాకు చేతులు రాలేదు. ఎవరూ రాలేదన్నాను. మరి నువ్వో, అన్నట్టు నా వైపు వేలు చూపించింది.

కళ్ళారా చూసిన నేనూ, మూడో రోజుకి వాళ్ళ మాటే నమ్మి, సముద్రం వైపు తిరిగి కూర్చున్నానని చెప్పాను.