పూజల్లేని గుడికి గిరిజ ప్రయాణం

గిరిజ తన జీవితంలో సాధించిన మొదటి ఘనకార్యం డ్రైవింగ్ లైసెన్సు. మూడుసార్లు తప్పి నాలుగోసారి గట్టెక్కింది. ఊళ్ళో పదో తరగతితో చదువు ఆపేసిన మనిషి, సైకిలు హ్యాండిలైనా పట్టని మనిషి, నలభై రెండో ఏట టెక్సస్ ఫ్రీవే మీద లారీల మధ్యకి కారు పోనిచ్చిందంటే మాటలా! మూడోసారి తప్పిన రోజు పార్కింగ్‌లో కూర్చుని ఏడ్చిన మాట నిజమే. మర్నాడు పొద్దున్నే మళ్ళీ స్టీరింగ్ పట్టిన మాటా నిజమే.

ఆ తర్వాత చేసినవి ఒకటా రెండా? టెక్సస్‌లో తామున్న ఫ్రిస్కో ఊళ్ళో ఉద్యోగాలకి పోయే తెలుగు జంటల పిల్లల్ని ఇరవై ముగ్గురిని ఇంట్లో పెట్టుకుని సాకింది. వాళ్ళలో పదిహేడు మంది తొలి ముద్ద తిన్నది ఆమె చేత్తోనే. పౌరసత్వం ఇంటర్వ్యూలో అడిగిన ప్రతి ప్రశ్నకీ తడబడకుండా జవాబు చెప్పింది. కడుపున ఒక్కరూ పుట్టకపోయినా ఆ ఇల్లు ఏనాడూ బోసిపోలేదు. ఇప్పుడామెకి అరవై నాలుగు. పిల్లలు పెద్దవాళ్ళై తలోదిక్కూ వెళ్ళారు. భర్త వీరభద్రం పోయి రెండేళ్ళయింది. శనివారం మాత్రం ఆమె కారు నిండుతుంది, కారు నడపడం రాని తోటి పెద్దవాళ్ళని గుడికి తీసుకెళ్ళి తెస్తుంది కాబట్టి. మిగతా ఆరు రోజులూ పక్క సీట్లో చేతిసంచీయే తోడు.

వీరభద్రం తాపీమేస్త్రి కొడుకు. మంచాన పడ్డ రోజుల్లో ఒకనాడు టీవీలో వియత్నాం చూపించారు. అక్కడ కొండల నడుమ మీసన్ అనే చోట, చంపా రాజ్యాన్నేలిన చామ్ జాతివాళ్ళు వెయ్యేళ్ళకి పూర్వమే ఇటుకలతో కట్టిన శివాలయాలు. ఆయన దిండు మీంచి లేచి కూర్చున్నాడు.

"గిరిజా, ఇటుకకీ ఇటుకకీ మధ్య సున్నం గీత చూడు. లేదు! మా నాన్న చూసుంటే తాపీ కింద పెట్టేసేవాడు. అది టీవీలో కాదే, చేత్తో తడిమి చూడాలి."

"ముందు మీరు లేచి నాలుగడుగులు వెయ్యండి. తర్వాత వియత్నాం," అంది గిరిజ.

ఆయన లేవలేదు. ఆ తడిమి చూడటం ఆమె వంతుకొచ్చింది.

ఒక్కతే వెళ్ళడానికి మాత్రం కాళ్ళు రాలేదు. అందుకని ఒక శనివారం కారులో మాట కదిపింది. వెయ్యేళ్ళ నాటి శివాలయాలు అనేసరికి అయిదుగురు సరేనన్నారు. హోటల్ గదిలో తోడుంటానని ఉమ మాటిచ్చింది. ఉమది పదేళ్ళ స్నేహం, నోరారా వదినా అని పిలుస్తుంది. రాలేనివాళ్ళు తమ పేర అర్చన చేయించమని గోత్రనామాలు రాసిచ్చారు. పదకొండు కుటుంబాలవి పోగయ్యాయి.

టికెట్లు చూస్తున్నది నిధి. గిరిజ సాకిన పిల్లే, ఇప్పుడొక ట్రావెల్ ఆఫీసులో పనిచేస్తోంది. అభిషేకం ఎన్నింటికో కనుక్కోమని గిరిజ ఫోను చేస్తే ఆ పిల్ల నవ్వింది.

"అభిషేకం లేదు ఆంటీ. అక్కడ ప్రీస్ట్ ఎవరూ లేరు. వార్‌లో బాంబ్స్ పడి చాలా టెంపుల్స్ విరిగిపోయాయ్. ఇట్స్ లైక్ అ మ్యూజియం."

"లింగం ఉంటుందిగా?"

"ఉంటయ్. కొన్ని బ్రోకెన్." మళ్ళీ నిధే అంది, "వాళ్ళకి చెప్పకండి ఆంటీ. వెళ్ళాక చూస్తారు కదా. ఇప్పుడే చెప్తే ఎవ్వరూ రారు."

ఆ సంగతి గిరిజకూ తెలుసు. రెండు రోజులు ఎటూ తేల్చుకోలేకపోయింది. చెప్పకపోతే ఉమ పక్కనుంటుంది. కానీ పదకొండు గోత్రాలు ఏ పూజారి చెవిన వేస్తుంది? విరిగిన లింగం చూడకూడదని నమ్మేవాళ్ళని తెలిసి తెలిసి దాని ముందు ఎలా నిలబెడుతుంది?

శనివారం గుడి క్యాంటీన్‌లో అందరూ పులిహోర తింటుండగా చెప్పేసింది.

ఒకప్పుడు తహసీల్దారుగా చేసిన లక్ష్మీకాంతం చెయ్యి ప్లేటులోనే ఆగింది. "అమ్మా గిరిజా, హారతి లేదు, తీర్థం లేదు, ప్రసాదం లేదు. ఇక దాన్ని గుడి అనడం దేనికమ్మా? రాళ్ళు చూడాలంటే మా పెరట్లో బోలెడున్నాయి."

"రాళ్ళు కాదు అన్నయ్యగారూ, ఇటుకలు."

"ఇంకా నయం! అవీ ఉన్నాయి."

అంతా నవ్వారు. నవ్వుతూనే ఒక్కొక్కరూ తప్పుకున్నారు. ఒకరికి మోకాళ్ళు, ఒకరికి కోడలి ఆఫీసు. ఒకావిడ గోత్రం కాగితం వెనక్కి తీసుకుంటూ అడిగింది, "అయితే నువ్వు ఊళ్ళో లేని శనివారాలు మమ్మల్నెవరు తీసుకొస్తారు?"

పార్కింగ్‌లో కారు దగ్గరికొచ్చాక ఉమ గిరిజ చెయ్యి పట్టుకుంది.

"కోపం తెచ్చుకోకు వదినా. మా కోడలికి ఎనిమిదో నెల. ఖండితమైన లింగం చూసొచ్చి పురిటింట్లో అడుగుపెట్టాలంటే నాకు మనసొప్పట్లేదు."

"కోపమేం లేదులే ఉమా."

"పోనీ నువ్వూ మానెయ్యకూడదూ? ఒక్కదానివి. భాషైనా రాదు."

"ఈ దేశం వచ్చినప్పుడు మాత్రం వచ్చా?"

ఉమ నవ్వబోయి ఆగింది. కారెక్కి సీటు బెల్టు పెట్టుకుంది.

ఇంటికొచ్చి గిరిజ నిధికి ఫోను చేసి, తన టికెట్ తప్ప మిగతావన్నీ తీసెయ్యమంది.

"ఆర్ యూ ష్యూర్ ఆంటీ?"

"ష్యూరేనే పిల్లా."

నిధి పంపిన ఫారం వంటింటి బల్ల మీద పెట్టుకుని నింపింది. గదిలో ఎంతమంది అన్నచోట ఒకటి వేసింది. ఆపదొస్తే ఎవరికి చెప్పాలి అన్న గడి దగ్గర పెన్ను ఆగిపోయింది. ఇన్నేళ్ళూ ఏ కాగితంలోనైనా అక్కడ వీరభద్రం పేరే రాసింది. చాలాసేపటికి ఉమ పేరు రాసి, అడక్కుండా రాసినందుకు ఫోను చేసి చెప్పింది.

"రాసుకో వదినా, దానికి అడగాలా?" అంది ఉమ. ఆ వెంటనే, "తిరిగి రావడం ఎప్పుడో చెప్పు, క్యాలెండర్ మీద గుర్తు పెట్టుకుంటాను," అంది.

గిరిజ కళ్ళజోడు సర్దుకుని, ఫారంలో ఉన్నది ఉన్నట్టు చదివింది: 2026, మార్చి పద్దెనిమిది, బుధవారం.