బొమ్మతో చెప్పిన మాట

నా కోతలు చుట్టాలందరికీ తెలుసు. ఇది మాత్రం కోత కాదు.

కిందటి వేసవిలో కల్లూరులోని చెల్లెలింటికి వెళ్లాను. మొగుడూపెళ్లాల మధ్య మాటల్లేవు. ఏమున్నా ఐదేళ్ల కూతురు చిట్టితోనే చెప్పించేవాళ్లు.

"మీ నాయనకు చెప్పు, అన్నం పెట్టినానని."

"మీయమ్మకు చెప్పు, ఆకలి లేదని."

పిల్ల వంటింటికీ వరండాకూ తిరుగుతూనే ఉంది. నాకూ కుదురుగా కూర్చోబుద్ధి కాలేదు. నవ్విద్దామని, నల్లమల చిరుతపులి నాతోపాటు షేర్ ఆటో ఎక్కిన కథ ఎత్తుకున్నాను. చిట్టి నావైపు చూడకుండా చేతిలో బొమ్మతో, "మామకు చెప్పు, నాకు పనుండాదని" అంది. పగలబడి నవ్వాను.

ఆ పని టీ మోయడం. వాళ్ల నాయనకిమ్మని చెల్లెలు గ్లాసిచ్చి పంపితే, పిల్ల గడప తట్టుకుని పడింది. వేడి టీ చేతిమీద ఒలికింది. ఏడుస్తూ కూడా అమ్మా అనలేదు, నాయనా అనలేదు. బొమ్మతో, "అమ్మకు చెప్పు, చెయ్యి కాలిందని. నాయనక్కూడా చెప్పు" అంటోంది.

వాళ్ల నాయన వరండాలోంచి పరుగెత్తుకొచ్చాడు.

"నీళ్లు పొయ్ మే! బండి తాళం యాడుండాది?"

"ఈడే ఉండాది, పా పోదాం!"

ఎన్నాళ్లకో వాళ్లు ఎదురెదురుగా ఆడిన మాటలవి.

చెయ్యి మానింది. వాళ్లిప్పుడు ముఖాముఖీనే పోట్లాడుకుంటున్నారు. నేను వెళ్తే చిట్టి పులి కథ అడుగుతుంది. అడిగేటప్పుడు నా ముఖం చూస్తోందా, బొమ్మ ముఖమా అని ఇప్పటికీ ముందు అదే గమనిస్తాను.